త్యాగం పేర దోపిడి: బడికి కాగితం ఎవరివ్వాలి?

మన కథాసాహిత్యంలో వొక పాత పాత్ర వున్నది. చిరిగిన కండువా, అరిగిన చెప్పులు, చాలీచాలని జీతం. ఆ జీతంలోంచే పేదపిల్లలకు పలకా బలపం కొనిపెట్టే పంతులుగారు. కథ చివర శిష్యుడు పెద్ద ఉద్యోగస్థుడై వచ్చి ఆయన కాళ్లకు మొక్కుతాడు. పాఠకుడు కళ్లు తుడుచుకుంటాడు. యీ కథలు రాసినవారు దయగలవారే, సందేహం లేదు. కాని ఆ పలక పంతులే ఎందుకు కొనవలసి వచ్చింది, అసలు కొనవలసిన వారెవరు అన్న ప్రశ్న ఆ కథల్లో రాదు. ప్రశ్న రానిచోట పూజ వస్తుంది. పూజ మొదలైన చోట లెక్క అడగటం అమర్యాద అవుతుంది. ఏటా సెప్టెంబరు 5న వేదికల మీద జరిగేది సరిగా యిదే.

యీ వ్యాసం పని లెక్క అడగటం. విషయం చూడబోతే అల్పం: బడికి కావలసిన తెల్లకాగితం, జిరాక్సు. అల్పమైన విషయమని తోసివేసేవారు కొంచెం ఓపికపట్టాలి. ఎక్కడ అల్పమైన వస్తువు లోటుగా వుంటుందో అక్కడే వ్యవస్థ స్వభావం స్పష్టంగా బయటపడుతుంది.

వొకప్పటి చదువుకు పలకా సుద్దా చాలాయి. నేటి చదువుకు చాలవు. ప్రతి పిల్లవాడినీ నిరంతరంగా, సమగ్రంగా మూల్యాంకనం చెయ్యాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆదేశించింది. మూడో తరగతి పూర్తయ్యేలోగా ప్రతి పిల్లకూ చదవటం, రాయటం, లెక్క చెయ్యటం రావాలని 2021 జులైలో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం పెట్టింది. మంచి లక్ష్యాలే. కాని వాటి అర్థమేమిటి? అక్షరాలు రాని పిల్లకు వొక అభ్యాసపత్రం, వాక్యం చదివే పిల్లకు మరొకటి, కూడికలో తడబడేవాడికి యింకొకటి యివ్వాలి. అంటే ప్రతి చేతిలోనూ కాగితం వుండాలి. ఆదేశం దిగివచ్చింది, లక్ష్యం దిగివచ్చింది, దాన్ని కొలిచే పట్టికలు దిగివచ్చాయి. కాగితం మాత్రం దిగిరాలేదు.

అనేక బళ్లలో జరుగుతున్నదేమిటో ఉపాధ్యాయులైన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. ప్రశ్నపత్రం ఉపాధ్యాయుడి ఫోనుకు వస్తుంది. ఆ ఫోను ఆయనదే. దాన్ని నడిపే డేటా ఖర్చూ ఆయనదే. ఇక ఆయన ముందు రెండు దారులు. నల్లబల్ల మీద ప్రశ్నలన్నీ రాయటం వొకటి. అలా రాస్తే పరీక్షకు కేటాయించిన కాలంలో చాలా భాగం చూసి రాసుకోవటానికే పోతుంది. వెనక వరసలో కూచున్న పిల్లకు చూపు ఆనదు. పటంలో గోదావరి ఎక్కడున్నదో గుర్తించమన్న ప్రశ్నకు పటమే వుండదు. రెండో దారి, మండల కేంద్రానికి పోయి సొంత డబ్బుతో జిరాక్సు తీయించుకురావటం. మనస్సాక్షి వున్నవాడు రెండో దారి పడతాడు. యీ మనస్సాక్షి మీదనే పాలకులు తమ బడ్జెట్టు కట్టుకున్నారు.

"గ్రాంటు యిస్తున్నాం గదా" అని జవాబు వస్తుంది. ఆ గ్రాంటు సంగతి చూద్దాం. సర్వశిక్షా అభియాన్ రోజుల్లో బోధనోపకరణాల కోసం వొక్కొక్క ఉపాధ్యాయుడికి ఏడాదికి 500 రూపాయలు విడిగా వుండేవి. స్వల్పమే అయినా, యిది బోధన కోసం అని పేరుపెట్టి యిచ్చిన సొమ్ము అది. 2018లో సమగ్ర శిక్ష వచ్చాక ఆ పద్దు పోయి, అన్నీ కలిపి బడికి వొకే కాంపోజిట్ గ్రాంటు మిగిలింది. తరవాత సవరించిన నిబంధన ప్రకారం 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి 10,000 రూపాయలు. 100 మంది దాకా 25,000. 250 మంది దాకా 50,000. 251 నుంచి 1,000 మంది దాకా 75,000. యిందులో కనీసం పదోవంతు పారిశుద్ధ్యానికి ఖర్చుచెయ్యాలి. మిగిలినదాంట్లోంచే కరెంటు బిల్లు, ఇంటర్నెట్టు, తాగునీరు, పాడైన సామాను మార్చుకోవటం, ఆటవస్తువులు, ప్రయోగశాల, బోధనోపకరణాలు అన్నీ వెళ్లాలి. కాగితం యీ వరసలో ఎక్కడుందో వెతుక్కోవాలి.

ముందు 30 మంది పిల్లలున్న చిన్న బడిని తీసుకుందాం. ప్రాథమిక తరగతులకు చట్టం చెప్పిన కనీస పనిదినాలు 200. అంటే వారానికి ఆరు రోజుల లెక్కన సుమారు 33 వారాలు. వారానికి మూడు పాఠ్యవిషయాల్లో వొక్కొక్క అభ్యాసపత్రం పిల్లకొకటి యివ్వాలంటే ఏడాదికి మూడు వేల ప్రతులకు కొంచెం తక్కువ. రెండు రూపాయల చొప్పున ఆరు వేలు. పారిశుద్ధ్యం పోను చేతిలో వున్నది తొమ్మిది వేలు. కాగితం కొంటే కరెంటుండదు. కరెంటు కడితే కాగితముండదు.

ఇక 1,000 మంది చదివే పెద్ద బడి. అక్కడ పిల్లవాడి వాటాకు వచ్చేది ఏడాదికి 75 రూపాయలు. పారిశుద్ధ్యం తీసివేస్తే 67 రూపాయల 50 పైసలు. పెద్ద మొత్తం కాబట్టి దుకాణదారు రూపాయికే వొక ప్రతి తీసి యిచ్చాడనుకున్నా, వారానికి పిల్లకొక్క కాగితానికి 33,000 రూపాయలవుతుంది. మూడు పాఠ్యవిషయాల మాట దేవుడెరుగు, వొక్కదానికే గ్రాంటులో సుమారు సగం కరిగిపోతుంది. 251వ పిల్లవాడి నుంచి వెయ్యో పిల్లవాడి దాకా వొక్క రూపాయి కూడా పెరగకపోవటమే యీ నిబంధనలోని విడ్డూరం. ఆ నిబంధన రాసినవారి దృష్టిలో ఆ 750 మంది పిల్లలూ కాగితం లేకుండానే చదువుకోగలరన్నమాట!

జిరాక్సుకు పరిమితి అనగానే కొందరికి కాపీరైటు చట్టం గుర్తుకువస్తుంది. అది న్యాయమైన సందేహమే కాబట్టి దాన్నీ తేల్చుకోవాలి. ఇతర దేశాల్లో అటువంటి కొలబద్దలున్నాయి. బ్రిటన్‌లో బళ్లకిచ్చే లైసెన్సు ప్రకారం పుస్తకంలో వొక అధ్యాయం లేక నూటికి అయిదు వంతులు, ఏది ఎక్కువైతే అంతవరకే ప్రతులు తీయవచ్చు. మన దేశంలోనూ అలాంటి కళ్లెం వెయ్యాలని ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు ప్రయత్నించాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో విద్యార్థులకు పాఠ్యభాగాల సంపుటాలు జిరాక్సు తీసి యిస్తున్న రామేశ్వరి ఫొటోకాపీ దుకాణం మీద 2012లో దావా వేశాయి. విద్యార్థులూ, అధ్యాపకులూ సంఘటితమై ఆ దావాలో కక్షిదారులుగా చేరి పోరాడారు. 2016 సెప్టెంబరు 16న ఢిల్లీ హైకోర్టు దావాను కొట్టివేసింది. అదే ఏడాది డిసెంబరులో పై ధర్మాసనం, ప్రచురణకర్తల అప్పీలు మీద తీర్పు చెబుతూ, కీలకమైన సూత్రాన్ని స్థిరపరచింది: బోధన క్రమంలో అవసరమైనంత మేరకు ప్రతులు తీయటాన్ని 1957 నాటి కాపీరైటు చట్టమే అనుమతిస్తున్నది, దానికి ఇన్ని పేజీలని లెక్క లేదు, ప్రయోజనమే కొలబద్ద. 2017లో ప్రచురణకర్తలు దావా వదులుకున్నారు.

అది ఘనవిజయమే. కాని దాని ఫలితం ఎవరికి దక్కింది? జిరాక్సుకు డబ్బున్నవారికి. ఏజెన్సీ గూడెంలోని ఏకోపాధ్యాయ పాఠశాలకు ఆ తీర్పు వల్ల హక్కు వచ్చింది, కాగితం రాలేదు. న్యాయస్థానం తీసివేసిన పరిమితిని ఖజానా మళ్లీ పెట్టింది. చట్టం పెట్టే పరిమితి కంటికి కనబడుతుంది, దాని మీద వాదించవచ్చు. ఖజానా పెట్టే పరిమితి కనబడదు. అది ఉపాధ్యాయుడి జేబు లోతు. హక్కును కాగితం మీద రాసి, కాగితాన్ని మాత్రం యివ్వకపోవటం బూర్జువా ప్రజాస్వామ్యానికి అలవాటైన విద్యే.

పోనీ, మన నేల మీద కాగితానికి కరువా? రాజమహేంద్రవరంలో కాగితపు మిల్లు వున్నది. భద్రాచలం దగ్గర సారపాకలో వున్నది. కొమరంభీం జిల్లాలో వొక పట్టణానికి పేరే కాగజ్‌నగర్. 1938లో నెలకొల్పిన సిర్పూరు మిల్లు ఆ వూరికి ఆ పేరు తెచ్చింది. ఆ మిల్లు 2014లో మూతపడి కార్మిక కుటుంబాలను వీధిన పడవేసి, 2018లో వేరే యాజమాన్యం కింద తిరిగి తెరుచుకున్నది. కృష్ణా, గుంటూరు, ప్రకాశం ప్రాంతాల రైతులు సుబాబుల్ పండించి, గిట్టుబాటు ధర కోసం మిల్లుల చుట్టూ తిరుగుతున్నారు. గిరిజనుల అడవుల్లోని వెదురు దశాబ్దాలపాటు యీ మిల్లులకు మేతయింది. వెదురు నరికినవాడి మనమరాలు, సుబాబుల్ వేసినవాడి కొడుకు, గుజ్జు వుడికించిన కార్మికుడి కూతురు సర్కారు బడిలోనే చదువుతున్నారు. తమ పెద్దలు చెమటోడ్చి తయారుచేసిన కాగితం వాళ్ల చేతికి రాదు. శ్రమ ఫలితం శ్రామికుడికి పరాయిదవుతుందని పుస్తకాల్లో చదువుకున్నవారికి యింతకన్న సులువైన ఉదాహరణ వుండదు.

పన్నుల తీరు కూడా చూడదగినదే. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మార్చినప్పుడు నోటుపుస్తకాల మీదా, వాటికి వాడే కాగితం మీదా పన్ను తీసివేశారు. మంచిదే. అదే రోజున యితర కాగితం మీద పన్ను నూటికి 12 నుంచి 18కి పెంచారు. ప్రశ్నపత్రం తీసే ఏ4 కాగితం యీ రెండో తరగతిది. సొంత జేబుతో రీము కొన్న ఉపాధ్యాయుడు సర్కారు చెయ్యవలసిన ఖర్చు తాను చెయ్యటమే గాక, అందుకు సర్కారుకు పన్ను కూడా కడుతున్నాడు.

పాలకులు బడికి అసలేమీ యివ్వటం లేదని మా వాదం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో జగనన్న విద్యాకానుక పేర సంచీలు, బూట్లు, నోటుపుస్తకాలు యిచ్చారు. ప్రభుత్వం మారాక 2025లో సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అనే పేరుతో యిచ్చారు. పిల్లలకు అవి అవసరమే. వద్దనేవాడు పేదరికం ఎరగనివాడు. కాని సంచీ యిస్తే పంపిణీ సభ వుంటుంది, ఫొటో వుంటుంది. రీము కాగితానికి సభ పెట్టరు. అది బీరువాలో చేరి, నెల తిరక్కుండా ఖర్చయిపోతుంది. కంటికి ఆనని అవసరాన్ని తీర్చటం వోట్లు తెచ్చే పని కాదు కాబట్టి దాన్ని ఉపాధ్యాయుడి త్యాగానికి వదిలిపెట్టారు.

మరొక వాదం వినవస్తుంది: యిది తెరల యుగం, కాగితమెందుకు అని. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు. కాని పదో తరగతి పిల్లవాడి భవిష్యత్తును నిర్ణయించే పరీక్ష నేటికీ కాగితం మీద చేత్తో రాసేదే. అంకె దిద్దుకోవటం, వాక్యం కొట్టివేసి మళ్లీ రాయటం, తప్పు చుట్టూ ఎర్రసున్నా చూసుకోవటం — రాత అలవడే క్రమం యిది. ట్యాబు చూడటానికి పనికివస్తుంది. కాగితానికి బదులు కాదు.

అన్నిటికన్న బలంగా కనిపించే వాదం యింకొకటున్నది: "వేలకు వేలు జీతాలు తీసుకుంటూ నెలకు రెండు వందల జిరాక్సు ఖర్చుకు ఏడుస్తారా?" అని. దీనికి మా సమాధానం సూటిగానే వున్నది. మొదటిది, బడిలో పనిచేసే ప్రతివాడూ వేలకు వేలు తీసుకోవటం లేదు; అతి తక్కువ వేతనంతో కాంట్రాక్టు మీద పనిచేసేవారు బోధన భారం సమానంగానే మోస్తున్నారు. రెండవది, మరీ ముఖ్యమైనది, పని సామగ్రి పనివాడు తెచ్చుకోవాలన్న నియమం ఎక్కడిది? మంగళగిరిలోనో పోచంపల్లిలోనో మాస్టర్ వీవరు కింద మగ్గం నేసే కార్మికుణ్ణి చూడండి. కూలి దగ్గర ఎంత పిసినారి అయినా ఆ షావుకారు నూలు తానే యిస్తాడు. నూలు కూడా నువ్వే కొనుక్కుని నాకు చీర నేసిపెట్టమని అడగటానికి అతనికి నోరు రాదు. షావుకారుకు లేని తెంపరితనం ప్రజాప్రభుత్వానికి ఎక్కడినుంచి వచ్చింది? ఉపాధ్యాయుడు చేసేది ఉద్యోగం కాదు, తపస్సు అని పొగిడిన నోటినుంచే వచ్చింది. తపస్వికి దర్భలూ సమిధలూ ఎవరూ కొనిపెట్టనక్కరలేదు గదా!

యీ రోగం మన వొక్కరిదే కాదు. ప్రపంచంలోకెల్లా ధనిక పెట్టుబడిదారీ దేశంలోనూ వున్నది. అమెరికా ప్రభుత్వ గణాంకాల ప్రకారం 2014-15 విద్యాసంవత్సరంలో అక్కడి ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయుల్లో నూటికి 94 మంది తరగతి అవసరాలకు సొంత డబ్బు పెట్టారు. సగటున 479 డాలర్లు. 2002 నుంచీ వారికి 250 డాలర్ల మేరకు ఆదాయపు పన్నులో మినహాయింపు వున్నది. 2022లో అది 300 అయింది. బడికి సామగ్రి యివ్వటం మాని, కొనుక్కున్నవాడికి పన్నులో చిల్లర తగ్గించటమన్నమాట. అలా అన్యాయాన్ని వారు చట్టంలోకి ఎక్కించారు; మనవారు స్తోత్రంలోకి ఎక్కించారు.

యీ స్తోత్రం వల్ల నష్టపోయేది ఉపాధ్యాయుడి జేబు మాత్రమే అనుకోవటం పొరపాటు. అసలు నష్టం పిల్లలది. సొంత డబ్బు పెట్టే ఉపాధ్యాయుడు దొరికిన పిల్ల ప్రశ్నపత్రం మీద రాస్తుంది. అప్పుల్లో మునిగినవాడు దొరికిన పిల్ల నల్లబల్ల చూసి రాసుకుంటుంది. వొకే ప్రభుత్వం, వొకే తరగతి, వొకే పరీక్ష. కాని పిల్ల చదువు ఆ వూరికి బదిలీ అయి వచ్చినవాడి దయాదాక్షిణ్యాల మీద వేలాడుతున్నది. విద్య హక్కు అని రాసుకున్న దేశంలో అది భిక్ష అయింది. దాతలను వెతకండి, పూర్వవిద్యార్థులను అడగండి అని పైనుంచి సలహాలివ్వటం ఆ భిక్షాపాత్రను యింకొంచెం పెద్దది చెయ్యటమే.

కాబట్టి ఉపాధ్యాయ సంఘాల కోర్కెల పత్రంలో కరువుభత్యం, వేతన సవరణ, పింఛను సరసన కాగితం కూడా చేరాలి. కోర్కెలు స్పష్టంగా వుండాలి. బళ్లు తెరిచే జూన్ నాటికే పిల్లల సంఖ్యను బట్టి కాగితం వస్తురూపంలో రావాలి, కాంపోజిట్ గ్రాంటుతో నిమిత్తం లేకుండా. ప్రతి స్కూలు కాంప్లెక్సులోనూ ప్రతులు తీసే యంత్రం, దాని మరమ్మతు ఖర్చు ప్రభుత్వానివే కావాలి. ప్రశ్నపత్రం పంపే అధికారి అచ్చుప్రతులు పంపాలి. అచ్చుప్రతి లేని పరీక్ష పెట్టకూడదు. బడికి కొనే ప్రతి కాగితం మీదా పన్ను పోవాలి.

విద్యార్థులకూ యిందులో పని వున్నది. మీ వూరి బడికి గ్రాంటు ఎంత వచ్చింది, ఎప్పుడు వచ్చింది, కాగితానికి ఎంత మిగిలింది అని సమాచారహక్కు చట్టం కింద అడగండి. వచ్చిన లెక్కలు గోడమీద అంటించండి. రచయితలకూ పని వున్నది. జీతంలోంచి పలకలు కొనే పంతులి కథ యిక చాలు. ఆ పలకల బిల్లు తీసుకువెళ్లి కచేరీ బల్లమీద పెట్టి, "యిది మీరు కట్టవలసింది" అని నిలబడే పంతులి కథ రాయండి.