డాక్టరు మాట: కణితికి ఊపిరాడకపోతే

ఇంటి నుంచి ఫోను వస్తుంది. "మామయ్యగారికి గొంతులో కేన్సరట, కరెంటు పెడుతున్నారు" అని. మిషను మంచిదేనా, ఎన్ని వారాలు అని అడుగుతాం. అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది: కణితికి ఆక్సిజన్ అందుతోందా?

కేన్సరు కణానికి ఊపిరాడకపోతే మంచిదే కదా అంటారేమో. కాదండీ. రేడియేషన్ కణంలోని డి.ఎన్.ఎ.ను దెబ్బ కొడుతుంది. పక్కన ఆక్సిజన్ ఉంటే ఆ దెబ్బ మానదు. లేకపోతే కణం తేరుకుంటుంది. ఆక్సిజన్ బొత్తిగా లేని కణాన్ని చంపాలంటే రెండున్నర నుంచి మూడు రెట్ల మోతాదు కావాలి.

1955లో ఇంగ్లండులో థామ్లిన్సన్, గ్రే అనే ఇద్దరు ఊపిరితిత్తుల కణితులను సూక్ష్మదర్శినిలో పరిశీలించారు. రక్తనాళాలకు సుమారు 150 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఏడో వంతు, దాటితే కణాలు చచ్చిపోయి ఉన్నాయి. ఆ హద్దులో, కాలవ నీరు సరిగా అందని చివరి మడిలా, కొనవూపిరితో ఉన్న కణాలే మొండివి. రేడియేషన్ మోతాదును కొలిచే 'గ్రే' ఈ గ్రేగారి పేరే.

ఇప్పుడు ఈ కణాలకు బొమ్మ తీయవచ్చు. ఎఫ్-మైసో అనే రేడియోధార్మిక మందును నరంలోకి ఎక్కిస్తారు. ఆక్సిజన్ లేని కణాల్లో అది చిక్కుకుంటుంది. రెండు మూడు గంటల తర్వాత పెట్ స్కానులో ఆ చోటు వెలుగుతుంది. తల, మెడ కేన్సర్లలో, చికిత్స మొదలై రెండు వారాలైనా ఆ వెలుగు తగ్గనివారికి జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

న్యూయార్కులోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ వైద్యులు దీన్ని రెండోవైపు నుంచి ఆలోచించారు. హెచ్.పి.వి. వైరస్ వల్ల గొంతు కేన్సరు వచ్చినవారిలో, ఆక్సిజన్ కొరత లేదని, లేదా చికిత్స మొదలయ్యాక తీరిందని స్కానులో తేలినవారికి, 70 గ్రే బదులు 30 గ్రేతో సరిపెట్టారు. 2024లో ప్రచురించిన ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి. అయితే ఇది ఇంకా పరిశోధనే. పొగాకు వల్ల మనవైపు వచ్చే నోటి కేన్సర్లకు దీన్ని అన్వయించకూడదు.

ఈ స్కాను మన ఊళ్ళో దొరకకపోవచ్చు. ఖర్చు లేని పని ఒకటుంది. చుట్ట, బీడీ, సిగరెట్టు పొగలోని కార్బన్ మొనాక్సైడ్, రక్తంలో ఆక్సిజన్ కూర్చోవలసిన పీట మీద తాను కూర్చుంటుంది. రేడియేషన్ జరుగుతుండగా పొగతాగేవారికి చికిత్స అంత బాగా పనిచెయ్యదని 1993లోనే ఒక అధ్యయనం చూపింది.

"ఎలాగూ వచ్చేసిందిగా, ఇప్పుడు మానేసి ఏం లాభం?" అంటారు మామయ్యగారు. ఊరుకోకండి. లాభం ఇప్పుడే. కోడలు చెబితే వినకపోతే, అమెరికా డాక్టరు చెప్పాడనండి.