ఆడువారెల్ల సుఖజీవులేనా?

పల్లెజనుల నృత్యమును జూపు పటము కంటబడినంతనే "ఆహా! వీరి సంతోషము మనకేది? ఇట్టివారికి చదువులేల, సంస్కరణములేల?" అని నిట్టూర్చు విద్యావంతులు పెక్కుమంది కలరు. ఈ నిట్టూర్పు కరుణవలె గానవచ్చును. విచారించి చూచినచో నిది సోమరితనమునకు దొడిగిన ముసుగు.

మాస్కోలోని ట్రెట్యకోవ్ చిత్రశాలలో ఫిలిప్ మల్యావిన్ 1906లో రచించిన "సుడిగాలి" యను పటము కలదు. దాని యెత్తు 7 అడుగులకు, వెడల్పు 13 అడుగులకు మించును. అందు రష్యా పల్లెపడుచులు ఎఱ్ఱని వస్త్రములు చెలరేగ గిరగిర తిరుగుచున్నారు. బట్ట యేదో మంట యేదో తెలియరాదు. ఆ రంగుల వెల్లువనడుమ ముఖములు మాత్రము తళుక్కుమనును.

దీనిని జూచి "ఎంత సుఖజీవులు!" అనువారు రెండు సంగతులు చిత్తగింతురు గాక. 1897 నాటి జనాభా లెక్కలలో ఆ సామ్రాజ్యమున చదువెఱిగిన స్త్రీలు నూటికి సుమారు 13 మంది. 1861లో దాస్యవిముక్తులైన రైతులు తమ భూమికై చెల్లింపవలసిన విమోచనధనము 1907 తొలిదినము వఱకు పూర్తిగా తొలగలేదు. అనగా ఈ పటము పుట్టిన యేట గూడ దున్నువాని మెడపై తండ్రులనాటి ఋణము ఉండనే యున్నది. 1905 మొదలు భూస్వాముల భవనములు తగులబడుచుండిన కాలమది. సుఖజీవులు నిప్పు పెట్టుదురా?

మల్యావిన్ రైతుబిడ్డ. నవ్వుచున్న పల్లెస్త్రీలను అతడు 1899లో పెద్దపటముగా వ్రాయగా, పీటర్స్‌బర్గు కళాపరిషత్తు పెద్దలు దానిని పట్టమునకు దగిన చిత్రముగా నంగీకరింపరైరి. 1900లో పారిస్ ప్రదర్శనమున దానికే స్వర్ణపతకము వచ్చెను. పల్లెను ఈసడించువా రొకరు, పల్లెను ముచ్చటబొమ్మగా జేయువారు మఱియొకరు. ఇరువురకును పల్లెలోని మనిషి కానరాడు.

దుఃఖము లేదనుటకు ఆట సాక్ష్యము కాజాలదు. దుఃఖమున గూడ చావని ప్రాణము కలదనియే అది చాటును. అంతటి ప్రాణము గల జనమునకు చదువేల యని యడుగువారిని, ఇన్నాళ్లును ఏల యియ్యలేదని మన మడుగవలెను. ఆటను మెచ్చువారు ఆట ముగిసిన మఱునాటి చాకిరిని, కూలిని, పలకలేని పిల్లను గూడ జూడవలెను. వట్టి చప్పట్లతో ఎవ్వరి ఋణమును దీరలేదు.