బాత్రూమ్ అరలో ఏడు సీసాలు

పోయిన ఆదివారం బాత్రూమ్ అర తుడుస్తూ మా అమ్మాయి సీసాలు లెక్కపెట్టాను. ఏడున్నాయి. ఫేస్ వాష్, టోనర్, రెండు సీరమ్‌లు, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, రాత్రి పూసుకునేది ఇంకొకటి. పిల్ల చదువుతున్నది పదో తరగతి. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు ఇంటిల్లిపాదికీ ఒకటే సబ్బు, పండగ పూట నలుగుపిండి, అలమారాలో ఒక పౌడర్ డబ్బా. ఆ డబ్బా కూడా చుట్టాలొస్తేనే బయటికొచ్చేది.

‘మా రోజులే మంచివి’ అని చెప్పడానికి ఇది రాయడం లేదు. అవేమంత మంచి రోజులు కావని నా ముఖానికే తెలుసు. ఆ సంగతికి కూడా వస్తాను.

దసరా సెలవుల్లో ఒకరోజు పొద్దున పిల్ల ఎంతకీ గదిలోంచి బయటికి రాలేదు. వెళ్లి చూస్తే బుగ్గలు రెండూ ఎర్రగా కమిలిపోయి, ముక్కు పక్కన పొట్టు లేస్తోంది. రాత్రి రెండు రకాల యాసిడ్ సీరమ్‌లు ఒకదాని మీద ఒకటి పూసిందట. రీల్‌లో ఎవరో అమ్మాయి చెప్పిందట. నాచారం నుంచి ఆటో కట్టించుకుని హబ్సిగూడలో స్కిన్ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ సీసాలన్నీ టేబుల్ మీద వరసగా పెట్టించింది. నాలుగు పక్కకు జరిపి, "ఈ మూడు చాలు బిడ్డా. కడుక్కో, చర్మం ఎండిపోకుండా క్రీమ్ రాసుకో, ఎండలోకి పోతే సన్‌స్క్రీన్. మిగతావి నీ వయసుకు కాదు" అంది. తర్వాత, "అసలు నీ ముఖానికి ఏమైందని ఇవన్నీ?" అని అడిగింది. పిల్ల జవాబు చెప్పలేదు. నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది. ఆ చూపు నాకప్పుడు అర్థం కాలేదు.

ఇంటికొచ్చాక పంతం పట్టి, ఈ సీసాల వ్యాపారం ఎట్లా నడుస్తుందో చదివాను.

ఫెయిర్ అండ్ లవ్లీ మన దేశంలో 1975లో వచ్చింది. నాకంటే పెద్దది. ఆ ప్రకటనలు మీకూ గుర్తుండే ఉంటాయి. చామనచాయ అమ్మాయికి ఉద్యోగం రాదు, సంబంధం కుదరదు. క్రీమ్ పూసుకుంటే అన్నీ అవుతాయి. రంగును బట్టి మనుషుల్ని తక్కువ చేసి చూపకూడదని ప్రకటనల మండలి ఆస్కీ 2014లో నియమాలు పెట్టింది. 2020లో అమెరికాలో నల్లజాతివారి ఉద్యమం లేచి, ఇక్కడా ప్రశ్నలు మొదలయ్యాక హిందుస్థాన్ యూనిలీవర్ ఆ పేరులోని ‘ఫెయిర్’ తీసేసి ‘గ్లో’ పెట్టింది.

తెలుగు బీఏ చదివినదాన్ని కదా, నాకు ఆ మాట దగ్గర నవ్వొచ్చింది. గ్లో అంటే మనకు నిగారింపు. నిగనిగలాడేవి ఏవి మన భాషలో? నేరేడుపండు, వంకాయ, నూనె రాసిన నల్లటి జడ. తెల్లటి వస్తువును నిగనిగలాడిందని మా అమ్మమ్మ అనగా నేను వినలేదు. అయినా ఆ డబ్బా మీద గ్లో అన్న మాటను మనం పాత అర్థంలోనే చదువుకున్నాం. పేరు మార్చడం కంపెనీకి కొన్ని రోజుల పని. మన చెవి మారడానికి ఎన్నేళ్లు పడుతుందో!

అదే కంపెనీ 2025 జనవరిలో మినిమలిస్ట్ అనే జైపూర్ కంపెనీలో 90.5 శాతం వాటాను సుమారు 2,670 కోట్ల రూపాయలకు కొంటున్నట్టు ప్రకటించింది. 2020లో మొదలైన కంపెనీ అది. దాని సీసా మీద హీరోయిన్ బొమ్మ ఉండదు. ఏ పదార్థం ఎంత శాతం ఉందో ఉంటుంది. అయిదేళ్లు నిండని కంపెనీకి అంత ధర పలకడానికి నాకు కనిపించే కారణం ఒకటే, కొనే చేతులు మారాయి. మా అమ్మాయి తరం ప్రకటనలో హీరోయిన్ చెబితే నమ్మదు. సీసా మీద శాతాన్ని, రీల్‌లో తన ఈడు పిల్లను నమ్ముతుంది.

సీసాలో ఏముందో రాయడం మంచి పద్ధతే, కాదనను. కానీ పది శాతం అని రాసి ఉన్నంత మాత్రాన దేన్ని దేనితో కలపకూడదో పదిహేనేళ్ల పిల్లకు తెలుస్తుందా? పైగా తెలుపు ఒక్కటే అమ్మిన రోజుల్లో ఒక ట్యూబుతో పోయేది. ఇప్పుడు మచ్చకొకటి, ముక్కు మీది రంధ్రాలకొకటి, ఇంకా రాని ముడతకొకటి. ఒక దిగులును ఏడుగా పంచి ఏడు సీసాల్లో పోశారు.

ఈ మార్పు మా కాలనీలో పార్లర్ నడిపే చెల్లెను కూడా తాకింది. "గిప్పుడు ఫేషియల్‌కు ఎవ్వరొస్తుండ్రక్కా! క్రీములు ఫోన్ల తెప్పిచ్చుకుంటుండ్రు, మనిషిని కూడ ఫోన్లనే పిలుచుకుంటుండ్రు" అంటుంది. ఆమె చెప్పింది నిజమే. ఇంటికి మనిషిని పంపే అర్బన్ కంపెనీ 2025 సెప్టెంబర్‌లో స్టాక్ మార్కెట్ దాకా వెళ్లింది. అదే నెలలో సెలూన్ సేవల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. ఏడాదికి 20 లక్షలలోపు సేవలు చేసేవాళ్లకు అసలు జీఎస్టీయే ఉండదు కాబట్టి మా చెల్లెకు అందులో ఒరిగిందేమీ లేదు. ఉప్పల్ వైపు ఏసీ సెలూన్ల బిల్లులకే ఆ తగ్గింపు. థ్రెడింగ్, పెళ్లికూతుళ్ల మేకప్ మీద బండి లాగిస్తోంది.

అంత ఇబ్బందిలో కూడా ఆమె ఒక పని చేయదు. పేరూ ఊరూ లేని చిన్న డబ్బాలు తెచ్చి, వారంలో తెల్లబరుస్తాయని కొందరు అంటగట్టబోతే తీసుకోదు. నేనామెను మెచ్చుకునేది అందుకే. తెల్లబరిచే క్రీముల్లో పాదరసం కలిపే మోసం చాలా దేశాల్లో ఉంది. మన 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం ముఖానికి పూసే వాటిలో తెలియకుండా చేరిన పాదరసమైనా పది లక్షల పాళ్లలో ఒక పాలు దాటకూడదు. లేబులే లేని డబ్బాలో ఎంతుందో ఎవరు చూడొచ్చారు?

ఇక నా ముఖం కథ. 2004లో నా పెళ్లికి రెండు నెలల ముందు, భువనగిరిలో ఒక మెడికల్ షాపులో అడిగితే చిన్న ట్యూబు ఇచ్చారు. డాక్టరు లేడు, చీటీ లేదు. పూసిన పది రోజులకే ముఖం తేటబడింది. చూసినవాళ్లంతా ‘పెళ్లి కళ’ అన్నారు. పెళ్లయ్యాక మానేస్తే ముఖమంతా మంట, మొటిమలు, పొయ్యి దగ్గర నిలబడలేకపోయేదాన్ని. మళ్లీ పూస్తే తగ్గేది, మానితే తిరగబెట్టేది. అత్తగారింట్లో కొత్త కోడలు కొంగు ముఖం మీదికి లాక్కుంటే సిగ్గనుకున్నారు. అది స్టెరాయిడ్ అని రెండేళ్ల తర్వాత ఒక డాక్టరు చెబితే తెలిసింది. ఇట్లా పాడైన ముఖానికి మన దేశంలో చర్మవైద్యులు ఒక పేరే పెట్టారు, టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్ అని. 2018లో ప్రభుత్వం పలు స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చి, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది. నాకు పద్నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చిన నియమం. అందుకే అన్నాను, మా రోజులేమంత మంచివి కావని. నా పిల్ల సీసా మీద కనీసం ఏముందో రాసుంది.

డాక్టరమ్మ దగ్గరికి పోయే దారిలోనే సీసీఎంబీ ఉంది. ఇరవై ఏళ్లుగా దాని గేటు ముందు నుంచి తిరుగుతున్నా, మన రంగు మీద అక్కడివాళ్లు కూడా పరిశోధన చేశారని ఈ చదువులోనే తెలిసింది. 2013లో అచ్చయిన ఆ పరిశోధనలో దక్షిణాదికి చెందిన 1,228 మంది చర్మం రంగును కొలిచారు. ఎస్ఎల్‌సీ24ఏ5 అనే జన్యువులో ఒక్క అక్షరం తేడా, వాళ్ల రంగుల్లోని తేడాలో సుమారు 27 శాతానికి కారణమని తేలింది. లేత రంగునిచ్చే ఆ మార్పు 22 వేల నుంచి 28 వేల ఏళ్ల నాటిదని లెక్కగట్టారు. అన్ని వేల ఏళ్ల నుంచి వస్తున్న లెక్కను మనం ముప్పై మిల్లీలీటర్ల సీసాతో తిరగరాయబోతున్నాం.

మళ్లీ ఆదివారానికి వస్తాను. సీసాలు తుడిచి పెడుతూ, "ఇవి కొనుడు ఎప్పటి సంది మొదలుపెట్టినవ్ బిడ్డా?" అని అడిగాను. ఫోన్‌ను, రీల్స్‌ను, కంపెనీలను తిట్టడానికి సిద్ధంగానే ఉన్నాను.

"బావ పెళ్లైనంక" అంది.

నాకు తట్టలేదు.

"ఫోటోలు దిగేటప్పుడు నువ్వే అన్నవ్ కదమ్మా. ఏందే గింత నల్లవడ్డవ్, ఫోటోల కనవడ్తవా అని. అందరు నవ్విన్రు."

అన్నాను. ఎండాకాలం, మా అన్న కొడుకు పెళ్లిలో, పదిమంది ముందు, సరదాకి. అప్పుడు తనూ నవ్వింది. సాయిపల్లవి ఫెయిర్‌నెస్ క్రీమ్ ప్రకటన వద్దనుకున్నానని 2019లో చెప్పినప్పుడు ఇంట్లో అందరికంటే గట్టిగా మెచ్చుకున్నది నేనే. ట్యూబు వల్ల రెండేళ్లు ముఖం దాచుకున్నదీ నేనే. అయినా ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. నాకు మా మేనత్త అన్న మాటే అది, ఒక్క అక్షరం కూడా మారలేదు.

కంపెనీలకు తప్పు లేదని అనను. స్వీడన్‌లో ఒక పెద్ద మందుల షాపుల సంస్థ, ఘాటైన యాసిడ్‌లున్న క్రీములను 15 ఏళ్లలోపు పిల్లలకు నేరుగా అమ్మబోమని 2024లో నిర్ణయించుకుంది. మన దగ్గరా అట్లాంటి వయసు హద్దు ఒకటి రావాలి. ఆ హెచ్చరిక సీసా మీద తెలుగులో కూడా ఉండాలి. కానీ ‘నల్లబడ్డవ్’ అన్న మాటను ఏ కంపెనీ కనిపెట్టలేదు. అది మన ఇళ్లలో ఉచితంగా దొరుకుతుంది. వాళ్లు దాన్ని పోగుచేసి, సీసాలో పోసి, మన పిల్లలకే అమ్ముతున్నారు. ముడిసరుకు ఆగకుండా, పైనున్న పేరు ఫెయిర్ అయినా గ్లో అయినా సరుకు తయారవుతూనే ఉంటుంది.

ఆ రోజు పిల్లకు సారీ చెప్పాను. మా ఇంట్లో పెద్దవాళ్లు చిన్నవాళ్లకు సారీ చెప్పే అలవాటు లేదు, ఇద్దరికీ కొత్తగానే ఉంది. డాక్టరమ్మ ఉంచమన్న మూడు అరలో ఉంచాం. మిగతా నాలుగింటిని అట్టపెట్టెలో కట్టి పైన పెట్టింది, పారేయలేదు. "డబ్బులు పోసి కొన్న కదమ్మా, పద్దెనిమిదేండ్లొచ్చినంక చూస్త" అంది. అంతవరకు అవి పాడైపోతాయని నేను అనలేదు.

వచ్చే నెల ఇంకో పెళ్లి ఉంది. ఫోటోలూ ఉంటాయి, మా మేనత్తా వస్తుంది. ఈసారి ఆమె నోరు తెరిచేలోపే పిల్ల పక్కన నిలబడాలనుకుంటున్నాను.