వీడియో ఒక్కటే చాలదు

కంప్యూటరు శిక్షణ అనగానే నేడు అందరి చూపూ వీడియోల మీదనే. సీతమ్మధారలో మన పిల్లలకు నేర్పే చోట కూడా అదే పద్ధతి. తెరపై పాఠం నడుస్తుంది, పిల్లలు తలలూపుతారు. మరునాడు వర్డ్‌లో ఒక పట్టిక గీయమంటే చేతులు ఆగిపోతాయి.

ఇది మన పిల్లల లోపం కాదు. అమెరికా పరిశోధకులు పామిటర్, ఎల్కర్టన్ ప్రభృతులు హైపర్‌కార్డ్ అనే ప్రోగ్రామును కొందరికి తెరపై కదిలే ప్రదర్శనతోనూ, కొందరికి రాతపూర్వక సూచనలతోనూ నేర్పి, ఫలితాలను 1991లో ప్రచురించారు. నేర్చుకునే వేళ ప్రదర్శన చూసినవారే చురుకు. వారం గడిచాక మాత్రం చదివి నేర్చుకున్నవారు వేగంలో ముందుకు వచ్చారు. చూసినవారు అనుకరించి ఊరుకుంటారు; చదివినవారు ప్రతి మెట్టునూ తమంతట తాము ఊహించుకోక తప్పదు.

అలాగని వీడియోను తోసిపుచ్చలేము. మౌసు పట్టి లాగడం పేజీ నిండా రాసినా బోధపడదు, ఒకసారి చూపితే చాలు. ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ ఈ రెంటినీ కలిపింది. తెరపై మెనూలు ఇంగ్లీషులోనే ఉంటాయి, వివరణ తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో వినిపిస్తుంది. విద్యార్థి కొంత విని, ఆపి, పక్క విండోలో తానే చేసి చూడాలి. చెప్పిన మాటలు రాతలోనూ లభిస్తాయి.

మన ఇళ్లలో చాలాచోట్ల ఒకే ఫోను. అది తండ్రితోనో అన్నతోనో షిఫ్టుకు వెళ్లిపోతుంది. ఆడపిల్లకు వీడియో అందేది రాత్రికే, అదీ డేటా మిగిలితే. కాగితమైతే ఆమె దగ్గరే ఉంటుంది. ఉర్దూలో ఉంటే తల్లి కూడా చదివి చెప్పగలదు.

ఉర్దూను రాష్ట్ర రెండవ అధికార భాషగా గుర్తించే బిల్లును మన శాసనసభ 2022లో ఆమోదించింది. ఆ గుర్తింపు ల్యాబు దాకా రావాలి. మైనారిటీ సంక్షేమ నిధులతో నడిచే ప్రతి కంప్యూటరు శిక్షణ కేంద్రంలో పనికొక పేజీ చొప్పున తెలుగు, ఉర్దూ సూచనలు అచ్చువేసి ఇవ్వాలని అధికారులను కోరుతున్నాము. (కార్యాలయాల్లో జీవితం గడిపినవారికి తెలుసు, నోటిమాటగా వచ్చిన ఆదేశాన్ని మరునాడు ఎవరూ ఒప్పుకోరు.)

అంతవరకు మసీదు కమిటీలు, యువజన సంఘాలు ఆగనక్కరలేదు. ఒక పాఠం చూపించి, అందులోని మెట్లను పిల్లలచేతనే పది వరుసల్లో రాయించి, జిరాక్సు తీయించవచ్చు. పైన ప్రోగ్రాము పేరు, వెర్షను రాయడం మరువరాదు. లిబ్రే ఆఫీసు కాగితంతో ఎం.ఎస్. ఆఫీసు ముందు కూర్చోబెడితే పిల్లలు తికమకపడతారు.