గాడిదను మోస్తున్నదెవరు?

బొమ్మలు చదువుకున్నోళ్ల కోసమే అనే మాట మనవాళ్ల నోట కూడా వింటున్నాం. ఇది నిజం కాదు. అక్షరం రానివాళ్లకూ సూటిగా తగిలే బొమ్మలున్నాయి. అలాంటివి రెండు చూద్దాం.

స్పెయిన్ దేశపు చిత్రకారుడు ఫ్రాన్సిస్కో గోయా. పెద్ద జబ్బు చేసి చెవుడొచ్చింది. 1797లో కలమూ సిరాతో మనుషుల్లా మెలిగే జంతువుల్ని, జంతువుల్లాంటి మనుషుల్ని గీశాడు. వాటిని రాగిరేకుల మీదికెక్కించి, మరిన్ని కలిపి, 80 బొమ్మలు ‘కాప్రిచోస్’ పేరుతో 1799లో మాడ్రిడ్ నగరంలో అమ్మకానికి పెట్టాడు. అప్పుడక్కడ రాజుదీ, ప్రభువులదీ, మఠాలదీ పెత్తనం. అమ్మకం వెంటనే ఆగిపోయింది. 27 ప్రతులే పోయాయని 1803లో మంత్రికి రాసిన ఉత్తరంలో తనే చెప్పుకున్నాడు. మిగిలిన ప్రతులూ, రేకులూ రాజుకే అప్పజెప్పాడు. బొమ్మకు అంత భయమెందుకు?

39వ బొమ్మ చూడండి. కోటు తొడుక్కున్న గాడిద బల్ల ముందు దర్జాగా కూర్చుని పెద్ద పుస్తకం తెరిచి చూపిస్తుంటది. అది వంశవృక్షం. అందులో వరసగా గాడిదలే! తాతల దాకా అంతే. పుట్టుక చూపించి గౌరవం గుంజుకునే ప్రభువుల మీద విసిరిన రాయి అది. మనకు కొత్తేం కాదు. 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో బాబాసాహెబ్ నాయకత్వంలో తగలబెట్టిందీ పుట్టుకను బట్టి మనిషికి విలువ కట్టిన పుస్తకాన్నే.

42వ బొమ్మలో ఇద్దరు మనుషులు నడుములొంగి రెండు గాడిదల్ని వీపున మోస్తున్నారు. ఒక గాడిద కాలికి రౌతు ముల్లు కూడా ఉంది. మోసేవాళ్లు కళ్లు మూసుకున్నారు. ‘నీకు చేతకాదు గానీ, నన్ను మొయ్యి’ అనే అర్థమొచ్చే స్పెయిన్ సామెతలోంచి దానికి పేరు పెట్టాడు.

మన యువకులు కొందరు అడుగుతున్నారు: ‘మనల్ని గొడ్లన్నారు గదా, గోడల మీద వాళ్లనూ కుక్కల్లా, పందుల్లా గీస్తే తప్పేంది?’ వాళ్ల కోపం న్యాయమే. అయినా మేము వద్దంటున్నాం. ఫలానా కులంలో పుట్టాడు కాబట్టి పంది అంటే మనమూ ఆ వంశవృక్షం పుస్తకమే చేతబట్టినట్టు. గోయా పుట్టుకను గీయలేదు, పుట్టుక పేరుతో చేసే పెత్తనాన్ని గీశాడు. అసలు గాడిదకేం పాపం? చాకలి అన్నదమ్ములతో పాటు అదీ బరువులు మోసి బతికిందే. బొమ్మలో తప్పు గాడిద ముఖంలో లేదు, అది ఎక్కి కూర్చున్న చోట ఉంది.

కాబట్టి గోడ మీద ఎవరు ఎవరి వీపు మీద ఉన్నారో గీయండి. వెట్టి గీయండి. హోటల్లో రెండు గ్లాసులు గీయండి. మనలో మనకున్న మెట్లు కూడా దాచొద్దు. మన ఇళ్లల్లో ఆడవాళ్ల వీపు మీద ఎవరున్నారో అదీ గీయాల్సిందే.

కార్యకర్తలు వచ్చే అంబేడ్కర్ జయంతికి 42వ బొమ్మను పెద్దగా గీయించి వాడలో పెట్టండి. ముందే ఉపన్యాసం ఇవ్వొద్దు. ‘వీళ్లు కళ్లెందుకు మూసుకున్నారు?’ అని అడిగి ఊరుకోండి. కూలికి పోయొచ్చిన అక్కలు, ముసలమ్మలు ముందు మాట్లాడాలి. వాళ్లేమన్నారో వాళ్ల మాటల్లోనే రాసి పంపండి, అచ్చువేస్తాం.