మూడుకాళ్ల కుందేలు

ఇంగ్లండు పల్లెలలో తుపాకి అక్కరలేని కుందేళ్ల వేట ఒకటి కలదు. ముంగిస వలె సన్నని ఒడలుగల ఫెర్రెట్ అనే పెంపుడు జంతువును కలుగులోనికి విడిచి, తక్కిన ద్వారాలపై వలలు కప్పుతారు. బెదరిన కుందేలు బయటికి ఉరికి వలలో చిక్కుతుంది. మన కుందేలు కలుగు త్రవ్వదు, పొదమాటునే పడుకుంటుంది. కనుక ఈ వేట మన పల్లెలు ఎరుగవు.

పంట కాచుకొనే రైతు ఇట్లా వేటాడితే తప్పుపట్టలేము. పని ముగియగానే ఫెర్రెట్‌ను పెట్టెలో పెట్టుకొని ఇంటికి పోతాడు. న్యూజిలాండులో జరిగినది వేరు. వలస వచ్చిన ఆంగ్లేయులు తెచ్చిన కుందేళ్లు పచ్చిక బయళ్లను మేసివేయగా, 1880ల దశాబ్దంలో ప్రభుత్వమే ఫెర్రెట్లను తెప్పించి వేలకొలది విడిపించింది. పక్షిశాస్త్రజ్ఞులు వలదన్నారు, ఏలికలు వినలేదు. కుందేళ్ల పీడ తీరలేదు సరిగదా, ఎగురలేని కివీ పక్షులు ఫెర్రెట్ల వాత పడినవి. 2002లో వాటి పెంపకాన్ని, అమ్మకాన్ని నిషేధించారు. అడవి పట్టిన జంతువుకు ఆ చట్టం తెలుస్తుందా?

ఫెర్రెట్‌ను నిందించి ఫలమేమి? దాని స్వభావం దానిది. తాము పట్టిన కుందేటికి మూడే కాళ్లన్న పెద్దలదే దోషం. తిరిగి పెట్టెలో పెట్టుకోగల దానినే మనిషి విడవాలి. మన పిల్లలకు చెప్పదగిన ప్రకృతి పాఠం ఇదే.