ఎముక కనబడు గాయమునకు ఆకుకట్టు తగదు

"ప్లాస్టిక్ సర్జరీ మన సుశ్రుతాచార్యుని విద్యయే గదా, మీరే కట్టు కట్టండి" అని కోరుచు కొందరు ఖిలా వరంగల్‌లోని మా ఇంటికి వచ్చుచున్నారు. మోటారుసైకిలు ప్రమాదమున మోకాలి క్రింద చర్మమాంసములు ఊడి ఎముక బయటపడినవారు వీరు. వేరొకచోటి కండను తెచ్చి అతుకవలెనని ఆసుపత్రిలో చెప్పగానే భయపడుదురు. అట్టి గాయమునకు నేను పసరు కట్టను. కారణము చెప్పెదను.

సుశ్రుత సంహిత సూత్రస్థానము 16వ అధ్యాయమున చెంప మాంసముతో చెవిని, ముక్కును నిర్మించు విధానమున్నది. తీసిన మాంసము మూలస్థానమును విడువక, జీవముతో ఉండవలెననుట అందలి కీలకము. ఆ తొడిమ ద్వారానే రక్తమందును. నుదుటి చర్మముతో ముక్కు నిర్మించు భారతీయ పద్ధతిని 1794లో ఒక లండను పత్రిక ప్రకటించగా, జోసెఫ్ కార్ప్యూ 1814లో ఇంగ్లండున దానిని ఆచరించెను. అందును తొడిమ కలదు.

కాలి సంగతి వేరు. ముంగాలి ఎముకపై చర్మమే గాని కండ లేదు. మోకాలి దిగువ గాయమును పిక్క కండను త్రిప్పి కప్పవచ్చును. చీలమండకు చేరువైన భాగమున పెద్ద గాయమైనచో త్రిప్పుటకు తగిన కండ దొరకదు. అపుడు తొడనుండి గాని వీపునుండి గాని మాంసఖండమును దాని రక్తనాళములతో సహా పూర్తిగా వేరుచేసి, కాలి నాళములకు కుట్టుదురు. ఆ నాళముల వెడల్పు సుమారు 1 నుండి 3 మిల్లీమీటర్లు. కుట్టు దారము వెంట్రుకకన్న సన్నము. పని మైక్రోస్కోపు క్రింద గంటల తరబడి సాగును. దీనినే ఫ్రీ ఫ్లాప్ అందురు. 1973లో ఆస్ట్రేలియాలో డేనియల్, టేలర్ అను వైద్యులు గజ్జ చర్మమును ఇట్లు కాలికి అతికిరి. ఇది మన గ్రంథములలో లేదు. లేనిదానిని ఉన్నదనుట ఆచార్యునికి గౌరవము కాదు.

కాలహరణమే ఇక్కడ శత్రువు. మార్కో గొడీనా 1986లో 532 మంది రోగుల ఫలితములను ప్రకటించెను. 72 గంటలలోపు కప్పినవారిలో అతుకు చెడినది నూటికి ఒకరికన్న తక్కువ. అటుపై మూడు నెలలలోపు కప్పినవారిలో నూటికి 12. గాయస్థితిని బట్టి కొన్ని దినములు ఆగవలసిన సందర్భములున్నను, అది శస్త్రవైద్యుడు నిర్ణయించవలసినది. ఆకుకట్టు క్రింద ఎముక ఎండి, చీముపట్టినచో కాలే పోవచ్చును.

కావున పసుపు, సున్నము, కాఫీపొడి, గడ్డిచామంతి పసరు వేయక, శుభ్రమైన గుడ్డతో అదిమి రక్తమాపి, కాలు కదలకుండ బద్దకట్టి, వెంటనే ఎం.జి.ఎం. వంటి పెద్దాసుపత్రికి చేర్చుడు. ఎముకల వైద్యునితోపాటు ప్లాస్టిక్ సర్జనును కూడ చూపుడని అడుగుడు. ఖర్చు విషయమున ఆరోగ్యశ్రీ వర్తించునో లేదో అక్కడి ఆరోగ్యమిత్రను విచారించుడు.

మరి మన పని ఏమి? అతికిన తరువాత బీడీ, సిగరెట్టు ముట్టనీయకుండుట. పొగ ఆ సన్నని నాళములను ముడుచుకొనజేయును. పెసరపప్పు, పాలు వంటి బలమిచ్చు పథ్యము పెట్టుట. శస్త్రవైద్యుడు అనుమతించువరకు తైలమర్దనము చేయకుండుట. అష్టాంగములలో శల్యతంత్రమునకు ప్రథమస్థానమిచ్చినవాడు సుశ్రుతుడే. శస్త్రము అవసరమైన రోగిని శస్త్రవైద్యుని వద్దకు పంపుటయే ఆయన శిష్యులకు ధర్మము.